పొగ లేని కుంపటి

ఆ ఏడు ఆగస్టులో గోదారి పొంగి యానాం అంతా మునిగి తేలింది. క్రిస్మసు దగ్గరపడుతున్నా అక్కడి ఫరంపేటలో గోడలు మాత్రం ఇంకా ఆరలేదు. చెయ్యి ఆనిస్తే చెమ్మ అంటుకునేది. అలాంటి గోడల మధ్య, పుట్టింట్లో, ఎస్తేరు తొలి బిడ్డని కన్నది. మగపిల్లాడు. గుప్పెట్లో ఇమిడిపోయేటంత పాదాలు. వాడికి పేరు పెట్టాలంటే తండ్రి రావాలి. తండ్రి సముద్రం మీద ఉన్నాడు.

ఎస్తేరు తల్లి రాహేలుకి లోకంలో ఒక్కటే భయం, చలి. వరద నీళ్ళలో నానిన ఎదురింటి ముసలాయన జలుబు చేసి పోయినప్పటినుంచీ ఆ భయం ఆమెను పట్టుకుంది. బాలింత గది కిటికీ సందుల్లో పాత చీర పేలికలు కుక్కింది. తలుపుకి గోనెపట్టా వేలాడదీసింది. కూతురి చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ చుట్టి, నులక మంచం కింద కుంపటి పెట్టింది.

మొదట్లో కుంపట్లో వేసేవి పిడకలూ, తడిసిన పుల్లలూ. అవి మండేది తక్కువ, పొగ ఎక్కువ. గది నల్లబడిపోయేది. పిల్లవాడు దగ్గేవాడు. ఎస్తేరు కళ్ళు తుడుచుకుంటూ "అమ్మా, కిటికీ" అని అరిచేది. రాహేలు గొణుక్కుంటూ వచ్చి పేలికలు పీకేది, పొగ పోగానే మళ్ళీ కుక్కేది.

కబురు అందుకుని యోహాను వచ్చింది అలాంటి పొగలోకే. యోహాను ఎస్తేరుకి మేనత్త కొడుకు, మొగుడూ అతనే. కాకినాడ రేవులో ఒక మరబోటు మీద వేటకి వెళ్తాడు. గుమ్మంలో నిలబడి పొగని చేత్తో తోసుకుంటూ,

"ఇదేంటత్తా, మా వోణ్ణి ఎండుచేపలాగ పొగబెట్టేత్తున్నావా?" అన్నాడు.

"నువ్వు కన్నావా, పెంచావా? చలి పడితే నువ్వొచ్చి మందేత్తావా?" అంది రాహేలు.

"ఆయ్, తమరే వెయ్యండి. ముందు ఆడెక్కడున్నాడో కనబడనియ్యండి."

అతను ఒక్క పూటే ఉన్నాడు, పేరు పెట్టడం వచ్చేసారికి వాయిదా పడింది. పిల్లవాడిని ఎత్తుకోవడం రాక అరచేతులు రెండూ చాపి, పళ్ళెం పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. చేతులకి ఎంత కడిగినా పోని చేపల వాసన. ఎస్తేరు ఆ చేతులనే చూస్తూ కూచుంది. వెళ్ళేటప్పుడు అతను పిల్లవాడితో చెప్పాడు, ఆమెతో చెప్పలేక: "మళ్ళీ వత్తాన్రా. ఈలోగా మీ అమ్మని జాగర్తగా చూసుకో."

నాలుగు రోజులు తిరక్కుండానే చేపల వ్యాను నడిపే లూయిస్ వచ్చి వాకిట్లో ఒక బస్తా దింపాడు. రాహేలుని అక్కా అని పిలుస్తాడు కాబట్టి అతను ఎస్తేరుకి మావయ్య.

"మీ ఆయన పంపేడే పిల్లా. సరుగుడు బొగ్గులు. రెండు బస్తాలు కొన్నాడు. ఒకటి నీకు, ఒకటి ఆళ్ళ బోటుకి. పొగన్నది ఉండదంట. మావోడు దగ్గకూడదన్నాడు."

రాహేలు ఒక బొగ్గు తీసి మరో బొగ్గు మీద తట్టింది. కంచు గిన్నెలా ఖంగుమంది. "మంచి సరుకే," అని మొదటిసారి అల్లుణ్ణి మెచ్చుకుంది.

నిజంగానే పొగ లేదు. వాకిట్లో రాజేసి, ఎర్రబడ్డాక లోపలికి తెచ్చి మంచం కింద పెడితే, దానిమ్మ గింజల్లా నిగనిగలాడుతూ పూటంతా ఉండేవి. కళ్ళు మండేవి కావు, పిల్లవాడు దగ్గేవాడు కాదు. పొగ ఉన్నన్నాళ్ళూ ఇష్టమున్నా లేకపోయినా కిటికీ తీయాల్సి వచ్చేది. పొగే లేనప్పుడు ఇక కిటికీతో పనేముంది? రాహేలు పేలికలు గట్టిగా దట్టించి, పైన చెక్క అడ్డం పెట్టి మేకులు కొట్టేసింది.

తలనొప్పి ఆ తరవాత మొదలైంది.

ముందు కణతల దగ్గర చిన్నగా. పొద్దెక్కేసరికి తల చుట్టూ తాడు బిగించినట్టు. నోట్లో నీళ్ళూరేవి, కడుపులో తిప్పేది. లేచి నిలబడితే మోకాళ్ళు తనవి కానట్టు ఉండేవి. పక్కింటి ఆరోగ్యమ్మ వచ్చి చూసి, గడ్డం కింద చెయ్యి పెట్టి ఎస్తేరు మొహం ఎత్తింది.

"బాలింత కాయం మందు తింటందా?"

"తింటంది," అంది రాహేలు.

"మరింకేటి! మొగుడి మీద బెంగ. తొలి కాన్పు, మొగుడు సముద్రంలో. నాకూ ఇంతే. మా ఆయన పాండిచ్చేరిలో ఉన్నప్పుడు తల గోడకేసి కొట్టుకునేదాన్ని."

ఎస్తేరు సిగ్గుపడింది. సిగ్గుపడింది గానీ ఆ మాట ఆమెకి ఎంతో బాగుంది. నిజమే కదా, ఎప్పుడు ఎక్కువగా నొస్తుంది? మంచం మీద ఒక పక్కకి ఒత్తిగిలి, కిందికి వంగి, అతను పంపిన నిప్పుల్ని చూస్తూ, అతను ఇప్పుడేం చేస్తున్నాడో అనుకునేటప్పుడే. ఆ నిప్పుల వెచ్చదనం అతని ఒంటి వెచ్చదనంలాగే ఉండేది. మరి ఎప్పుడు తగ్గుతుంది? స్నానానికని దొడ్లోకి వెళ్ళినప్పుడు. దొడ్డి చివర కొబ్బరిచెట్ల సందులోంచి గోదారి కనిపిస్తుంది. ఆ నీళ్ళే కదా పోయి అతను ఉన్న సముద్రంలో కలిసేది. కాసేపు అలా చూస్తూ నిలబడితే తల చుట్టూ తాడు వదులయ్యేది. లోపలికి రాగానే మళ్ళీ బిగిసేది. బెంగ కాకపోతే ఇంకేమిటి?

ఒకరోజు లూయిస్ వాకిట్లోంచే కేకేశాడు. "పిల్లా, మీ ఆయనకీ తలపోటంట! కేబిన్లోంచి లేచేసరికి పగిలిపోతందంట. నిన్ను తలుచుకునేనంట. చెప్పమన్నాడు, చెప్పేను. నాకెందుకొచ్చిన రాయబారం!"

ఆ పూటంతా ఎస్తేరు తలనొప్పిని మురిపెంగా మోసింది. అక్కడ అతనికీ ఇదే చోట నొస్తోందన్నమాట. కణతల మీద వేళ్ళు పెట్టుకుని, ఇక్కడేనా బావా, అనుకుంది. ఏడో తరగతిలో చదువు ఆగిపోయిన తనకి ఉత్తరం రాయడం సరిగ్గా రాదు, అతనికి చదవడం అసలు రాదు. ఇద్దరి మధ్యా నడిచే ఉత్తరం ఈ నొప్పే అనిపించింది.

ఒక్క పిల్లవాడి సంగతే ఆమెకి అంతుపట్టలేదు. దగ్గు పోయింది, ఏడుపూ పోయింది. ఎప్పుడూ నిద్రే. రొమ్ము నోట్లో పెడితే రెండు గుక్కలు తాగి వదిలేసేవాడు. ఎస్తేరు మాటిమాటికీ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూసేది.

"వెచ్చగా ఉంటే నిద్రపోడా? ఏడిస్తే ఏడుత్తున్నాడంటావు, పడుకుంటే పడుకున్నాడంటావు," అని కసిరేది రాహేలు.

ఆ తరవాత ముసురు పట్టింది. వరి కోతలు ఆగిపోయి, పగలంతా పొలంలో, రాత్రి ముందు వసారాలో గడిపే రాహేలు పనికి వెళ్ళలేదు. "ఇయ్యేళ తలంటు పోసుకో. ఈణ్ణి నేను చూత్తాలే," అని కూతురిని బయటికి పంపి, తను మనవడిని ఒళ్ళో వేసుకుని మంచం మీద కూచుంది. ఎస్తేరు వెనక వసారాలో వేడినీళ్ళు పోసుకుంది. సాంబ్రాణి వేసుకుని, చాలాసేపు జుట్టు ఆరబెట్టుకుంది. వాన చినుకుల వెనక గోదారి బూడిద రంగులో ఉంది. తల తేలికైంది. ఆకలి కూడా వేసింది. ఇంత హాయిగా ఉన్నానేమిటి, అతన్ని మరిచిపోయానా అని ఒక క్షణం భయం కూడా వేసింది.

గోనెపట్టా తొలగించి లోపలికి వచ్చేసరికి రాహేలు రెండు చేతులతో తల పట్టుకుని ఉంది.

"ఏటయ్యిందమ్మా?"

"ఏటో... తల పగిలిపోతందే. తిప్పుతంది." లేవబోయింది. మోకాళ్ళు మడతపడి మంచం పట్టె మీద కూలబడింది. ఎన్నడూ నడుం వాల్చని మనిషి, పక్కకి వంగి వాంతి చేసుకుంది.

ఎస్తేరు నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"నీకెవరి మీద బెంగే అమ్మా?"

"బెంగా? నాకా? మీ అయ్య పోయి పన్నెండేళ్ళయ్యింది. ఇప్పుడొస్తదా!"

తల్లికి తలనొప్పి. తనకి తలనొప్పి. తల్లికి తలపోటు తెప్పించే యోహాను ఎవరూ లేరు. తనకీ తల్లికీ కలిసి ఉన్నది ఈ గది ఒక్కటే. ఎస్తేరు చూపు మంచం కిందికి పోయింది. కుంపట్లో నిప్పులు ఎప్పటిలాగే నిగనిగలాడుతున్నాయి, ఏ పాపం ఎరగనట్టు, పొగ అన్నది లేకుండా.

ఆమె పిల్లవాడిని లాక్కుంది. వాడి మెడ తడిగుడ్డలా వేలాడింది. "నాన్నా... నాన్నా..." కళ్ళు తెరవలేదు. ఆమె ఇక ఏమీ ఆలోచించలేదు. "అమ్మా, పాక్కుంటూనైనా బయటికి రా!" అని అరుస్తూ వానలోకి పరిగెత్తింది. బాలింత, తలంటు పోసుకున్న మనిషి, చెవుల్లో దూది లేకుండా వానలో నిలబడి పసివాడి అరికాళ్ళు గిల్లుతోంది. వాడి మొహం మీద చినుకులు పడుతున్నాయి. ఎంతసేపటికో పెదవి వంకర తిరిగింది. తరవాత సన్నగా, పిల్లికూనలా, ఒక ఏడుపు. ఆ ఏడుపుకి ఎస్తేరు కూడా గొంతెత్తి ఏడ్చేసింది.

గుమ్మందాకా పాక్కుంటూ వచ్చిన రాహేలుని చూసి ఆరోగ్యమ్మ వేసిన కేకలకి లూయిస్ వ్యాను తెచ్చాడు. తల్లీ కూతురూ పసివాడూ చేపల బుట్టల మధ్య కూచుని ఆసుపత్రికి వెళ్ళారు.

డాక్టరుగారు చూసి, పిల్లవాడి ముక్కు దగ్గర ఆక్సిజన్ గొట్టం పెట్టించారు. సాయంత్రానికి వాడు కాళ్ళు తన్నాడు, పాలు తాగాడు, నర్సు ఆగ్నెస్ తెల్ల చీర తడిపాడు. అప్పుడు రాహేలు అందుకుంది.

"పొగ లేదమ్మా ఆగ్నెస్. చిన్నమెత్తు కూడా లేదు. ప్రమాణం."

"పొగ ఉంటే బతికిపోయేవారు రాహేలమ్మా. కిటికీ తీసేవారు," అంది ఆగ్నెస్. "బొగ్గులోంచి ఒక గ్యాసు వస్తది. రంగు ఉండదు, వాసన ఉండదు, దగ్గు కూడా రాదు. రక్తంలో మంచిగాలి కూచోవలసిన చోట అది కూచుంటది. లెమ్మంటే ఓ పట్టాన లేవదు. తలపోటు, వాంతి, మత్తు. ఆ మత్తులోనే పోతారు కొందరు."

రాహేలు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయినా చలి భయం ఆమెను వదల్లేదు. "పోనీ... సగం కుంపటి పెడితే? కిటికీ జానెడు తీసి ఉంచుతాను. ఎంతదాకా ఫరవాలేదో ఆ లెక్క చెప్పు తల్లీ, అంతే పెడతాను."

ఆగ్నెస్ మంచం అంచున కూచుంది.

"మా అన్నయ్య ఉత్తరాదిన ఇనుము కరిగించే కార్ఖానాలో పని చేస్తాడు. అక్కడ ఈ గ్యాసుకో లెక్క ఉందంట. గాలిలో ఇంతకి మించకూడదు అని. దాటితే గంట కొట్టి అందర్నీ బయటికి పంపుతారంట. మరి ఆ లెక్క ఎవరి కోసం కట్టేరు? కండ ఉన్న మగాడి కోసం. పొద్దున్న వెళ్ళి, పని చేసి, సాయంత్రం ఇంటికొచ్చి మంచిగాలి పీల్చుకుంటాడు కదా, ఆ మనిషి కోసం. నీ మనవడు డ్యూటీ దిగి ఎక్కడికెళ్తాడు రాహేలమ్మా? ఆడికి పగలూ రాత్రీ అదే గది. మనం ఒక ఊపిరి పీలిస్తే ఆడు రెండు పీలుస్తాడు. చంటిపిల్లకి ఎంతైతే ఫరవాలేదో నాకు తెలీదు. డాక్టరుగారినీ అడిగేను. బాలింత గదికి లెక్క ఎవరూ కట్టలేదన్నారు."

ఎస్తేరు వేలు పిల్లవాడి గుప్పెట్లో ఉంది. వాడు దాన్ని గట్టిగా పట్టుకున్నాడు, ఇన్నాళ్ళూ పట్టుకోనంత గట్టిగా.

"నేను కడతాను లెక్క," అంది. "గదిలోకి కుంపటి రాకూడదు. సగం వద్దు, పావు వద్దు. జానెడు కిటికీ కాదు, మొత్తం తీసెయ్యి. అయినా గదిలో కుంపటి వద్దు."

"మరి చలో?" అంది రాహేలు, చిన్నపిల్లలా.

"గుండెల మీద పడుకోబెట్టుకోమను," అంది ఆగ్నెస్. "పైన దుప్పటి. తల్లి ఒంటికి మించిన వెచ్చనేముంది?"

ఎస్తేరు తల ఊపింది. ఊపుతూ ఊపుతూ ఆగిపోయింది. డ్యూటీ దిగి ఎక్కడికెళ్తాడు, అన్న మాట ఆమె చెవిలోనే ఉండిపోయింది. డ్యూటీ దిగినా బోటు దిగని మనిషి ఇంకొకడున్నాడు. రెండు బస్తాలు. ఒకటి నీకు, ఒకటి ఆళ్ళ బోటుకి. కేబిన్లోంచి లేచేసరికి పగిలిపోతందంట.

ఆమె పిల్లవాడిని తల్లి చేతికిచ్చి వరండాలోకి పరిగెత్తింది. లూయిస్ మెట్ల మీద బీడీ కాలుస్తున్నాడు.

"మావయ్యా, ఆళ్ళు బోటులో కుంపటి ఎక్కడెడతారు?"

"ఎక్కడేంటి, కేబిన్లోనే. పైన ముసురు కదా. తలుపేసుకుని వెచ్చగా తొంగుంటారు దొరబాబులు."

"ఎల్లు మావయ్యా. ఇప్పుడే ఎల్లు. నీ కాళ్ళట్టుకుంటాను. ఆ కుంపటి బయట పెట్టమను. తలుపు తీసి పడుకోమను. ఆ తలపోటు నా మీద బెంగ కాదని చెప్పు!"

లూయిస్ ఆమె మొహం చూసి బీడీ పారేశాడు.

కానీ అతను కాకినాడ రేవుకి చేరేసరికి బోటు వేటకి వెళ్ళిపోయింది. మర్నాడు తిరిగొచ్చి ఆసుపత్రి గుమ్మంలోంచే ఆ సంగతి చెప్పాడు. "గోపాలకృష్ణని, ఇంకో బోటు నడిపే సరంగు, ఆ దిక్కుకే ఎల్తన్నాడు. ఆడికి చెప్పేను. కనబడితే చెప్తానన్నాడు. సముద్రం కదమ్మా, కనబడాలి మరి."

"ఈ మాట విని నవ్వేడా?" అంది ఎస్తేరు.

"నవ్వేడనుకో. అయినా చెప్తాడులే."

ఇక ఎదురుచూడ్డమే మిగిలింది. ఇంటికి రాగానే రాహేలు కిటికీ మేకులు తనే పీకింది. బొగ్గుల బస్తాని ఈడ్చుకెళ్ళి దొడ్లో పొయ్యి పక్కన పడేసింది. వంటంతా అక్కడే, చూరు కింద, వాన పడుతున్నా సరే. ఒకరోజు బియ్యం కడుగుతూ, "నా చేతుల్తో నేనే కదే పెట్టేను, మంచం కింద," అంది.

"నువ్వూ పీల్చేవు కదమ్మా," అంది ఎస్తేరు. తల్లి తప్పు గురించి అంతకంటే మాట్లాడుకోలేదు.

ఎస్తేరు పిల్లవాడిని రవికె లోపల, గుండెల మీద వేసుకుని కిటికీ దగ్గర కూచునేది. వాడు ఇప్పుడు ఏడుస్తాడు, తంతాడు, రొమ్ము కొరికినంత పని చేస్తాడు. ఆమెకి తలనొప్పి లేదు. తెల్లారేసరికి తల కడిగిన గాజు గ్లాసులా తేటగా ఉండేది. ఆ తేటలోనే బెంగ అసలు రూపం కనిపించింది. అది కణతల దగ్గర లేదు. ఎక్కడుందో చెయ్యి పెట్టి చూపించలేకపోయేది. అన్నం ముద్ద చేతిలోకి తీసుకుంటే, అతను తిన్నాడా అనిపించేది. దుప్పటి కప్పుకుంటే, కేబిను తలుపు మూసి ఉందా అనిపించేది. ఇన్నాళ్ళూ నొప్పిని ఉత్తరమనుకుంది. అతని నొప్పి తనకి చేరుతోందనుకుంది. ఇప్పుడు ఏ కబురూ రాదు. అతను మత్తుగా నిద్రపోతున్నాడో, మెలకువగా తనని తలుచుకుంటున్నాడో తన ఒంటికి తెలిసే దారి లేదు. ఆదివారం గుళ్ళో పాస్టరుగారు సముద్రం మీద ఉన్నవారి కోసం ప్రార్థన చేయిస్తుంటే, అందరూ తుఫాను తప్పించమని అడుగుతున్నారు. ఎస్తేరు మాత్రం, ప్రభువా, చలిగాలి వీయించు, ఆ తలుపు ఊడగొట్టు, అని అడిగింది.

ఒక మధ్యాహ్నం వ్యాను హారను వినిపించింది. పొడుగ్గా, ఆపకుండా. ఎస్తేరు పిల్లవాడిని గుండెలకి అదుముకుంది. రాహేలు చేతిలో గరిటెతో పరిగెత్తింది.

"అంతా బాగానే ఉన్నారక్కా!" అంటూనే లోపలికొచ్చాడు లూయిస్. "గోపాలకృష్ణ రేవులోకొచ్చేడు. ఆడే చెప్పేడు. వీళ్ళ బోటు కనబడితే దగ్గరికి పోనిచ్చి, గొంతు చించుకుని అరిచేడంట: ఒరేయ్ యోహానూ, నీ పెళ్ళాం కుంపటి బయటెట్టుకోమందిరోయ్, తలుపు తీసి పడుకోమందిరోయ్ అని! రెండు బోట్ల వాళ్ళూ పడీ పడీ నవ్వేరంట."

"ఆయన?"

"ఆడు నవ్వలేదంట. ఆళ్ళ బోటులో ఒకడు పొద్దున్నే లేవలేక పడున్నాడంట, ఒళ్ళు తెలీకుండా. సముద్రం పడలేదనుకున్నారు. ఈ మాట వినగానే మీ ఆయన కుంపటెత్తి తిన్నగా నీళ్ళలో పారేసేడంట, సరంగు తిడుతున్నా వినకుండా. ఆ కుర్రాణ్ణి పైకి గాలిలోకి లాగేరు. అందాకా రెండు బోట్లూ పక్కపక్కనే ఉన్నాయంట, పొద్దుగూకేసరికి ఆడు లేచి కూచున్నాడంట."

రాహేలు గరిటె పట్టుకున్న చేత్తోనే కళ్ళు తుడుచుకుంది. ఎస్తేరు మెల్లగా అడిగింది.

"తలపోటు తగ్గిందంటా?"

"తగ్గిందంట. నీకు చెప్పమని అది మాత్రం కేకేసేడంట."

"ఇంకేమన్నాడు మావయ్యా?"

"ఇంకేమంటాడే? బోటుకీ బోటుకీ మధ్యన, అందరూ వింటుండగా!"

లూయిస్ వెళ్ళిపోయాడు. ముసురు విడిచి, తెరిచిన కిటికీలోంచి గోదారి గాలి తిన్నగా మొహానికి కొడుతోంది. పిల్లవాడు గుండెల మీద కదిలి, ఒక చెయ్యి రవికె బయటికి చాపాడు. ఎస్తేరు ఆ చేతిని తన కణత మీద ఆనించుకుంది. అక్కడ నొప్పి లేదు. అందరి ముందూ చెప్పలేక అతను మింగేసిన ఆ మాట ఏమై ఉంటుందా అని, నీళ్ళ వైపు చూస్తూ కూచుంది.